జీటీ టీఎస్ఐ సిటీలో 8.6 ఇస్తోంది. తప్పు కాలిదా, బండిదా?

#1 నిజాంపేట_నాని
ఆరు నెలల కిందట సెకండ్ హ్యాండ్‌లో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ కారు తీసుకున్నా. 2017 మోడల్, 1.2 టర్బో, 7 గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్, రీడింగ్ 68 వేలు. లాగుడు గురించి చెప్పక్కర్లేదు, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే వద్దన్నా నవ్వొస్తుంది. ఆ నవ్వంతా బంకు దగ్గర పోతోంది. మొన్న ట్యాంక్ ఫుల్ నుంచి ఫుల్‌కి లెక్కేస్తే 301 కి.మీ.కు 35 లీటర్లు. అంటే 8.6.

రోజూ నిజాంపేట నుంచి రాయదుర్గం ఆఫీసుకి, ఒకవైపు 10 కి.మీ. తొమ్మిదికి బయల్దేరతా, 50 నిమిషాలు పడుతుంది. ఏసీ ఎప్పుడూ ఆన్‌లోనే. నెలకోసారి రాజమండ్రి. హైవే మీద 15, 15.5 వస్తోంది. ఏఆర్ఏఐ వాళ్ల ల్యాబ్ టెస్టు లెక్క 17.2 అని నాకూ తెలుసు, ఆ అంకె అడగట్లేదు. సిటీలో కనీసం 11 రావాలంటే ఏం చేయాలి? బండి అమ్మేయమని మాత్రం చెప్పకండి, ఆ సలహా ఇంట్లో రోజూ వింటున్నా.

#2 డీజిల్_దొర
అమ్మేయ్.

#3 గేర్_గిరి
టర్బో పెట్రోల్ కొని మైలేజ్ అడగడం అంటే బిర్యానీ హోటల్‌కెళ్లి ఇడ్లీ ఉందా అని అడగడమే.

#4 ఐ20_అక్క
#3 ఈ జోకు ప్రతి థ్రెడ్‌లో వేస్తావు గిరీ. నాదీ టర్బో ఆటోమేటిక్కే, ఐ20 ఎన్ లైన్ డీసీటీ, వైజాగ్‌లో 13 తగ్గదు. ఇడ్లీ కూడా దొరుకుతుంది, అడిగే పద్ధతి ఉండాలి.

నానీ, నువ్వు గేరు డి (మామూలు డ్రైవ్) లో పెట్టి నడుపుతున్నావా, ఎస్ (స్పోర్ట్) లోనా? నిజం చెప్పు.

#5 నిజాంపేట_నాని
మామూలుగా డి లోనే అక్కా. ఎవరైనా హారన్ కొడితే ఎస్.

#6 గేర్_గిరి
హైదరాబాద్‌లో హారన్ కొట్టని నిమిషం ఏది? అంటే ఎప్పుడూ ఎస్ లోనే.

#7 లెక్కల_మాస్టారు
కాలి సంగతి తర్వాత. ముందు నీ రోజువారీ ప్రయాణాన్నే లెక్కలో పెడదాం.

50 నిమిషాల్లో 10 కి.మీ. అంటే సగటు వేగం గంటకు 12. సైకిలు కూడా ఆ వేగంతో పోతుంది. ఆ 50లో కనీసం 20 నిమిషాలు బండి కదలకుండా నిలబడి ఉంటుంది. నా దగ్గరా ఇదే ఇంజిన్ ఉంది. ఇంజిన్ లెక్కలు ఫోన్‌లో చూపించే ఓబీడీ డాంగిల్ పెట్టి చూస్తే, ఏసీ ఆన్ చేసి ఊరికే నిలబెడితే గంటకు దాదాపు లీటరు తాగుతోంది. అంటే 20 నిమిషాలకు 0.33 లీటరు. మిగతా 10 కి.మీ. నువ్వు ఎంతో పద్ధతిగా, 12 చొప్పున నడిపావనుకో, 0.83 లీటరు. రెండూ కలిపితే 1.16. పదిని 1.16తో భాగిస్తే ఎంత?

8.6.

నువ్వు చెప్పిన అంకె అదే. అంటే కదిలేటప్పుడు బండి 12 ఇస్తోంది, నిలబడ్డప్పుడు సున్నా ఇస్తోంది. సున్నాని ఏ ఫిల్టరూ, ఏ ప్లగ్గూ, ఏ ఆయిలూ పెంచలేవు. రేపొకసారి ఎనిమిదింటికి బయల్దేరి చూడు.

#8 నిజాంపేట_నాని
మాస్టారూ, దిమ్మ తిరిగింది. కానీ ఎనిమిదింటికి బయల్దేరాలంటే ఏడింటికి లేవాలి. వేరే దారి లేదా?

#9 డీజిల్_దొర
అమ్మేయ్.

#10 స్టేజ్_వన్_శీను
స్టేజ్ 1 రీమ్యాప్ చేయించు బ్రో, అంటే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పించు. కింద ఆర్‌పీఎంలోనే టార్క్ వస్తుంది, కాలు తక్కువ నొక్కుతావు. నాకు రీమ్యాప్ తర్వాత స్క్రీన్ మీద మైలేజ్ ఒకటిన్నర పెరిగింది.

#11 మెకానిక్_మావయ్య
శీనూ, స్క్రీన్ మీద పెరిగిందా, బంకులో పెరిగిందా? స్క్రీన్ మీటర్‌తో కొలిచి చెప్పదు. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకుందో చూసి అంచనా వేస్తుంది. రీమ్యాప్‌లో ఆ ఇంజెక్షన్ లెక్కల్నే కదిపితే స్క్రీన్ అంచనా కూడా తప్పొచ్చు. బంకు లెక్క రాసుకున్నావా?

#12 స్టేజ్_వన్_శీను
రాసుకోలేదు మావయ్యా. రీమ్యాప్ అయ్యాక మొదటి నెల చిన్నపిల్లాడిలా నడిపాను, ఆ నెల లెక్క అసలే తీయకూడదు :)

#13 చుక్క_చుక్క
ఫుల్ ట్యాంక్ లెక్కలోనూ మోసం ఉంది. ఒక బంకులో నాజిల్ టక్‌మని కట్ అవ్వగానే ఆపుతారు, ఇంకోచోట కుర్రాడు రౌండ్ ఫిగర్ కోసం మరో లీటరు దూరుస్తాడు. 35 లీటర్లలో ఒక లీటరు అటూఇటూ అయితే 8.6 కాస్తా 8.85 అవుతుంది. ఒకే బంకు, వీలైతే ఒకే పంపు, మొదటి కట్‌కే ఆపాలి. మూడు ట్యాంకుల సగటు తీస్తేనే నమ్మొచ్చు. నేను గ్లవ్ బాక్స్‌లో చిన్న నోటుబుక్ పెట్టుకున్నా. మా ఆవిడ అది పాలవాడి ఖాతా అనుకుంది.

#14 నిజాంపేట_నాని
#13 సరే, ఇకనుంచి ఒకే బంకు. స్క్రీన్ మీద 9.4 చూపిస్తోంది, బంకు లెక్కకీ దానికీ 0.8 తేడా.

#15 లెక్కల_మాస్టారు
ఆ తేడా మామూలే, చాలా బండ్లలో స్క్రీన్ కాస్త ఆశావాదే. టైర్లు కంపెనీవేనా, పాత ఓనర్ మార్చాడా? సైజు చూసి చెప్పు.

#16 నిజాంపేట_నాని
ఇప్పుడే కిందికెళ్లి చూశా. 195/60 ఆర్15. స్టెప్నీ మీద 185/60 ఆర్15 ఉంది.

#17 లెక్కల_మాస్టారు
చూశావా. 185/60 చక్రం వ్యాసం 603 మి.మీ., 195/60 వ్యాసం 615. రెండు శాతం పెద్దది. చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి రెండు శాతం ఎక్కువ దూరం పోతుంది, ఓడోమీటర్‌కి ఆ సంగతి తెలియదు. నీ 301 నిజానికి 307. మైలేజ్ 8.77. కూర్చున్నచోటే 0.17 పెంచాను, ఫీజు పంపించు.

#18 ఐ20_అక్క
మాస్టారు ఉంటే ఇంజిన్ ముట్టుకోకుండానే మైలేజ్ పెరుగుతుంది.

#19 పంక్చర్_పండు
అన్నా, సైజు సరే, గాలి ఎంతుంది? వెడల్పు టైర్ ఏస్తే రోడ్డు మీద పట్టు వస్తది కానీ కొంచెం బరువు. దాంట్ల మళ్లా గాలి తక్కువుంటే బండి బురదల నడిచినట్టే. నా షాపుకొచ్చే కార్లల్ల సగం 26, 27 పీఎస్ఐ మీదనే తిరుగుతయ్, ఓనర్లకు తెల్వది. పోలోకి పెట్రోల్ మూత తీస్తే లోపల స్టిక్కర్ ఉంటది, ఎంత లోడుకి ఎంత గాలి అని. బండి చల్లగున్నప్పుడు, పొద్దుగాల, దాని ప్రకారం పెట్టియ్యి. ఎండల నలభై కిలోమీటర్లు తిరిగొచ్చి చూస్తే గాలి ఎక్కువ చూపిస్తది, మస్తుంది అనుకొని పోతరు.

#20 నిజాంపేట_నాని
పండూ, కొన్నప్పటి నుంచి ఆ మూత రోజూ తీస్తున్నా, స్టిక్కర్ ఎప్పుడూ చూడలేదు. సిగ్గుగా ఉంది.

#21 ఎర్రజెండా
అసలు దొంగని ఎవరూ పట్టుకోవట్లేదు. ఈ20. అంటే 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోల్. ఎథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌తో పోలిస్తే మూడింట రెండు వంతులే. 20 శాతం కలిపితే లీటరులో ఆరేడు శాతం శక్తి గల్లంతు. 2021లో నీతి ఆయోగ్ వేసిన రోడ్‌మ్యాప్‌లోనే రాశారు, పాత తరహా కార్లలో మైలేజ్ 6-7 శాతం పడుతుందని. లీటరు ధర మాత్రం పైసా తగ్గలేదు.

#22 లెక్కల_మాస్టారు
నిజమే, కానీ నువ్వు పోల్చేది సున్నా ఎథనాల్‌తో. 2017లో ఈ బండి కొన్నవాళ్లు పోసుకున్న పెట్రోల్‌లోనూ ఎంతో కొంత ఎథనాల్ కలిసే ఉండేది. పది శాతం నుంచి ఇరవైకి వెళ్తే శక్తిలో తేడా మూడున్నర శాతం లోపే. పది ఇచ్చే బండి 9.65 ఇస్తుంది. ఏడుపే, కాదనను. కానీ నాని ఏడుపులో అది చిన్న భాగం.

#23 ఎర్రజెండా
మూడున్నర శాతం అంటే నాని సిటీ తిరుగుడికే నెలకి రెండు లీటర్లు. ఊరందరివీ కలిపి చూడండి మాస్టారూ, ఏడాదికి ఎన్ని ట్యాంకర్లో.

#24 మోడరేటర్
ఈ20 మీద వేరే థ్రెడ్ ఉంది, ఇప్పటికే అక్కడ కుర్చీలు విరిగాయి. ఇక్కడ నాని బండి గురించి మాట్లాడండి.

#25 స్టుట్‌గార్ట్_సూరి
ఇక్కడ జర్మనీలో ఈ10 2011 నుంచే ఉంది, పక్కనే ఈ5 కూడా ఉంటుంది, ఎవరికి నచ్చింది వాళ్లు కొట్టించుకుంటారు. నా గోల్ఫ్ జీటీఐలో రెంటికీ తేడా కనిపెట్టడం నా వల్ల కాలేదు, నా కాలి తేడాయే దానికంటే ఎక్కువ. ఆటోబాన్ మీద 130లో స్థిరంగా పోతే 100 కి.మీ.కు ఏడున్నర లీటర్లు. ఒక ఆదివారం ఖాళీ రోడ్డు చూసి 180 పట్టా, స్క్రీన్ 12 దాటింది. అంటే మీ లెక్కలో 13.3 నుంచి 8.3కి. అదే కారు, అదే పెట్రోల్.

ఒక మాట, ఇక్కడి పద్ధతిలో 100 కి.మీ.కు ఎన్ని లీటర్లని చూస్తే డబ్బు ఎక్కడ పోతోందో తొందరగా తెలుస్తుంది.

#26 లెక్కల_మాస్టారు
సూరి చెప్పింది ముఖ్యం. నాని లెక్కే తీసుకుందాం. సిటీలో నెలకి 480 కి.మీ. 8.6 చొప్పున 56 లీటర్లు. రాజమండ్రి రానుపోను 850 కి.మీ., 15.5 చొప్పున 55 లీటర్లు. దూరం దాదాపు సగమే, పెట్రోల్ సమానం. హైవేలో కష్టపడి 17.5 తెచ్చినా మిగిలేది ఆరు లీటర్లు. సిటీలో 11కి తెస్తే పన్నెండు. వింటానికి హైవేలో రెండు పెంచడం, సిటీలో రెండున్నర పెంచడం ఒకేలా ఉంటాయి. జేబుకి ఒకేలా ఉండవు.

#27 బెజవాడ_బుల్లెట్
హైవే ఆరు లీటర్లు మాత్రం ఎందుకు వదలాలి? నేను వారం వారం హైదరాబాద్-విజయవాడ తిరుగుతా, నాదీ జీటీ టీఎస్ఐ. 275 కి.మీ. 100-110 మీద పోతే 15.5. ఒకసారి మా నాన్నగారు పక్కన కూర్చున్నారు, స్పీడోమీటర్ మీద చూపు తియ్యరు, 85 దాటితే దగ్గు. ఆ రోజు 19 వచ్చింది! పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, మూడు టోల్‌గేట్లూ ఒక్కటే వేగం. తేడా మూడు లీటర్ల పైమాట, అంటే 340 రూపాయలు. టైం 35 నిమిషాలు ఎక్కువ పట్టింది.

#28 స్టేజ్_వన్_శీను
35 నిమిషాలకి 340 రూపాయలా? నేను డబ్బే ఇస్తా.

#29 బెజవాడ_బుల్లెట్
ఇవ్వు, వద్దన్నదెవరు. గాలి మాత్రం ఊరుకోదు. వేగం 80 నుంచి 120కి పెంచితే గాలి ఒత్తిడి రెండుంపావు రెట్లు. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద 120 లిమిట్ ఇచ్చారు కదా అని 120లోనే పోవాలని రూలేం లేదు.

#30 గేర్_గిరి
మీ నాన్నగారి దగ్గు రికార్డు చేసి పంపు అన్నా, క్రూయిజ్ కంట్రోల్ బదులు పెట్టుకుంటా.

#31 ఘాట్‌రోడ్_గోపి
నేను శ్రీశైలం వెళ్లినప్పుడల్లా దోర్నాల వైపు దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేస్తా. పెట్రోల్ ఖర్చే లేదు. ఈ టెక్నిక్ ఎవరూ చెప్పలేదేం?

#32 మెకానిక్_మావయ్య
చెప్పకపోవడానికి కారణం ఉంది గోపీ. దయచేసి ఇంకెప్పుడూ అలా చేయకు. న్యూట్రల్‌లో ఉంటే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోల్ తాగుతూనే ఉండాలి. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేస్తే చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇంజెక్టర్లని మూసేస్తుంది. అప్పుడు ఖర్చు నిజంగా సున్నా. నువ్వు పొదుపు అనుకుని చేసేది ఖర్చు. పైగా బండిని ఆపే పనంతా బ్రేకుల మీద పడుతుంది. నాలుగు మలుపులు తిరిగేసరికి ప్యాడ్లు కాలి వాసన వస్తుంది, ఐదో మలుపులో పెడల్ మెత్తబడుతుంది. ఘాట్‌లో పెడల్ మెత్తబడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

#33 ఘాట్‌రోడ్_గోపి
మా పాత కార్బొరేటర్ బండికి మా బాబాయి నేర్పాడండీ ఇది. ముప్పై ఏళ్లుగా చేస్తున్నాడు.

#34 మెకానిక్_మావయ్య
కార్బొరేటర్‌కి ఇంజెక్టర్లు లేవు కాబట్టి పెట్రోల్ వరకు ఏదో లెక్క ఉండేది. ఘాట్‌లో అప్పుడూ ప్రమాదమే. మీ బాబాయి గారి అదృష్టానికి నమస్కారం పెట్టి, నువ్వు మాత్రం గేరులో దిగు.

సిటీలో కూడా ఇదే సూత్రం నానీ. ఎర్ర లైటు 200 మీటర్ల ముందే కనిపిస్తుంది కదా, అప్పుడే కాలు తీసెయ్. గేర్లు వాటంతటవే దిగుతాయి, బండి పైసా ఖర్చు లేకుండా సిగ్నల్ దాకా పోతుంది. చాలామంది సిగ్నల్ దాకా గ్యాస్ కొట్టి అక్కడ బ్రేక్ వేస్తారు. కొన్న పెట్రోల్‌ని బ్రేక్ డిస్క్ మీద వేడిగా మార్చుకోవడమే అది.

#35 ఐ20_అక్క
నా అనుభవం రెండు ముక్కలు. మొదట నేనూ మైలేజ్ కోసం మరీ నెమ్మదిగా, చీమలా కదిలేదాన్ని. మైలేజ్ పెరగలేదు. టర్బో బండ్లకి అది నచ్చదని తర్వాత అర్థమైంది. చక్కగా మూడోవంతు నొక్కి, 2000-2200 లోపు గేర్లు మారేలా వేగం అందుకుని, తర్వాత కాలు తేలిక చేయాలి. ఎక్కువ తాగేది అడుగుదాకా తొక్కి ఆర్‌పీఎం ఎక్కించినప్పుడు. అప్పుడు టర్బో, క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కి పాడవకుండా ఈసీయూయే అవసరానికి మించి పెట్రోల్ పోస్తుంది, చల్లబరచడానికి. ఆ పెట్రోల్ బండిని ముందుకి తోయదు.

రెండోది, 95 ఆక్టేన్ ప్రీమియం పెట్రోల్. మూడు ట్యాంకులు మామూలుది, మూడు ట్యాంకులు 95. మామూలుది 13.1, 95తో 13.4. మా బంకులో అప్పుడు మామూలుది 107, అది 115. కి.మీ.కు 8.17 ఒకటి, 8.58 ఇంకొకటి. లాగుడు కాస్త నున్నగా ఉంది, ఎండాకాలం తేడా బాగానే తెలిసింది. పొదుపు కోసమైతే దండగ, సరదా కోసమైతే మీ ఇష్టం.

#36 గేర్_గిరి
అక్క థ్రెడ్‌కి వచ్చినప్పుడల్లా నాకు జోకు వేసే చోటు దొరకదు.

#37 చుక్క_చుక్క
నాది 1.0 టీఎస్ఐ మాన్యువల్. ఆరో గేరు 50లో వేసి మైలేజ్ తెద్దామని చూశా. టర్బో బండికి అదీ మంచిది కాదన్నారు, నిజమేనా?

#38 మెకానిక్_మావయ్య
ఆరులో 50 మీద సమతలం రోడ్డులో కాలు తేలిగ్గా పెట్టి పోతే ఏం కాదు. కానీ 1300 ఆర్‌పీఎంలో ఫ్లైఓవర్ ఎదురైతే గేరు దించకుండా అడుగుదాకా తొక్కుతారు చూడు, అదీ ప్రమాదం. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోలో తక్కువ ఆర్‌పీఎం, ఎక్కువ బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) కలిస్తే స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకునే అవకాశం ఉంది. పిస్టన్‌కి సుత్తి దెబ్బ. ఒక గేరు దించితే నీ సొమ్మేం పోదు.

నానీ, నీకొక ప్రశ్న. కాలు, ట్రాఫిక్ పక్కన పెడితే, ముందు రెండు చక్రాల అల్లాయ్‌ల మీద బ్రేకుల నల్ల దుమ్ము సమానంగా ఉందా?

#39 నిజాంపేట_నాని
లేదు. ఎడమది బాగా నల్లగా ఉంటుంది. వాష్ చేసే కుర్రాడు దాన్ని సరిగా కడగడం లేదని రెండుసార్లు అరిచా కూడా.

#40 మెకానిక్_మావయ్య
ఆ కుర్రాడికి టీ తాగించు. పది కి.మీ. తిరిగొచ్చి, చివర్లో బ్రేక్ ఎక్కువ వాడకుండా ఆపి, రెండు చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టి వేడి చూడు. డిస్క్‌ని ముట్టుకోకు, దగ్గరగా పెడితే చాలు. ఎడమది సెగ కొడితే క్యాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) వదలట్లేదని అర్థం.

#41 నిజాంపేట_నాని
చెయ్యి పెట్టక్కర్లేదనుకుని, కరోనా టైంలో కొన్న నుదుటి థర్మామీటర్ గన్ తీసుకెళ్లా. కుడి డిస్క్‌కి గురిపెడితే "హెచ్ఐ". ఎడమ దానికీ "హెచ్ఐ". హాయ్ చెబుతోందనుకున్నా. 43 దాటితే అది అంతేనట. వాచ్‌మన్ దూరం నుంచి చూసి, కారుకి జ్వరమా సార్ అన్నాడు.

చివరికి మా అపార్ట్‌మెంట్‌కి వచ్చే ఏసీ మెకానిక్ దగ్గర అసలు గన్ అడిగి తీసుకున్నా. కుడి 58. ఎడమ 104.

#42 పంక్చర్_పండు
104 అంటే చాయ్ మరుగుతది అన్నా.

#43 డీజిల్_దొర
ఆగండి, ఈసారి అమ్మేయ్ అనను. ఇది బాగు చేయించు. తర్వాత అమ్మేయ్.

#44 మెకానిక్_మావయ్య
జాకీ ఎత్తి చక్రం చేత్తో తిప్పించు. కుడిది రెండు మూడు చుట్లు తిరుగుతుంది, ఎడమది చెయ్యి తీయగానే ఆగుతుంది, పందెం. క్యాలిపర్ జారే పిన్నులు రెండూ ఊడదీయించి, తుప్పు ఉంటే రుద్దించి, రబ్బరు బూట్లు చిరిగాయేమో చూడు. గ్రీజు మాత్రం బ్రేక్ పిన్నుల కోసం వచ్చే సిలికాన్ గ్రీజే పెట్టాలి. బేరింగ్ గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ బిగుసుకుంటుంది. పిన్నులు బాగుంటే పిస్టన్ చూడాలి, అది వేరే ఖర్చు.

#45 నిజాంపేట_నాని
ఏడు వారాల తర్వాత వస్తున్నా, లేటుకి సారీ.

పిన్నులే. కింది పిన్ను ఊడదీయడానికి ఇరవై నిమిషాలు పట్టింది, మావయ్య చెప్పినట్టే. పాత ఓనర్ ఎక్కడో బయట షాపులో ప్యాడ్లు మార్పించాడట, అక్కడ పిన్నుకి మామూలు నల్ల గ్రీజు పూసి పంపించారు, బూటు ఉబ్బి పిన్నుని పట్టేసింది. ఎడమ ప్యాడ్ లోపలిది అరిగి అట్టముక్కలా ఉంది, కుడిది సగం పైన మిగిలింది. ప్యాడ్ల సెట్టు, బూట్లు, గ్రీజు మార్పించా. ఇప్పుడు రెండు డిస్కులూ 55, 57.

టైర్లలో గాలి చూపిస్తే 27, 27, 28, 25. స్టిక్కర్ ప్రకారం పెట్టించా.

మొదటి ట్యాంక్: 330 కి.మీ., 33.1 లీటర్లు. పదికి దగ్గర. తొమ్మిదింటి ప్రయాణం, అదే రోడ్డు.

రెండో ట్యాంక్ మాస్టారి మాట విని 8.10కి బయల్దేరా. ఆఫీసుకి 31 నిమిషాలు. జేఎన్‌టీయూ దగ్గర ఒక్క సిగ్నల్‌లోనే ఆగా. సైబర్ టవర్స్ దగ్గర పచ్చ లైటు చూసి నేనే నమ్మలేదు. 372 కి.మీ., 32.4 లీటర్లు. అంటే 11.5.

#46 లెక్కల_మాస్టారు
టైర్ సవరణ కలిపితే 11.7. ఫీజు ఇంకా రాలేదు.

#47 మెకానిక్_మావయ్య
ఇప్పుడు నాదొక తప్పు ఒప్పుకుంటా. మాస్టారు #7లో కదిలేటప్పుడు 12 అన్నారు, నేనూ బాగానే ఉందనుకున్నా. నిజానికి ఆ పన్నెండు కూడా బ్రేక్ పట్టుకున్న బండి ఇచ్చిన పన్నెండు. లెక్క సరిగ్గా కుదిరిందంటే కారణం దొరికినట్టు కాదు.

#48 లెక్కల_మాస్టారు
ఒప్పుకున్నా. 8.6కి 8.6 కుదిరేసరికి నేనే మురిసిపోయి ఆగిపోయా. నల్ల దుమ్ము గురించి అడగాలని తోచలేదు.

#49 ఐ20_అక్క
నానీ, జామ్‌లో రెండడుగులు కదిలి ఆగి, మళ్లీ రెండడుగులు, అలా చేయకు. ఆ గేర్‌బాక్స్‌ది డ్రై క్లచ్, ఆయిల్‌లో మునిగి ఉండదు, తొందరగా వేడెక్కుతుంది. ముందు కారు కాస్త దూరం పోనిచ్చి, ఒకేసారి కదులు. మైలేజ్ సంగతెలా ఉన్నా క్లచ్ బతుకుతుంది.

#50 నిజాంపేట_నాని
ఖాళీ వదిలితే ఆటో దూరుతోంది అక్కా.

#51 ఐ20_అక్క
దూరనీ. ఆటో వెనకాలే పో, వాడు దారి చేస్తాడు.

#52 స్టేజ్_వన్_శీను
మరి ఎస్ మోడ్ మానేశావా?

#53 నిజాంపేట_నాని
పూర్తిగా మానలేదు. ఆదివారం పొద్దున ఒక్కసారి, ఓఆర్ఆర్ ఎక్కే ర్యాంప్ మీద. ఆ మాత్రం లేకపోతే ఈ బండి ఎందుకు?

అసలు దెబ్బ ఇంకొకటుంది. మూడో ట్యాంక్ మా ఆవిడ నడిపింది, వాళ్ల ఆఫీసు మా ఆఫీసు పక్క బిల్డింగే, నాకు వారం వర్క్ ఫ్రం హోం. అదే రోడ్డు, తొమ్మిదింటికే బయల్దేరింది, ఏసీ 20లో పెట్టుకుని, పాటలు వింటూ. 388 కి.మీ., 31.9 లీటర్లు. 12.2. మైలేజ్ గురించి ఈ రెండు నెలలూ ఒక్క ముక్క చదవలేదు తను. చీటీ చూపిస్తే, "ఇదేనా మీరు రెండు నెలల నుంచి పరిశోధన చేస్తోంది" అంది.

#54 గేర్_గిరి
మావయ్యా, నాని కాలి పిన్నులకి కూడా సిలికాన్ గ్రీజు రాయండి.

#55 బెజవాడ_బుల్లెట్
వారంలో 388 కి.మీ. ఎలా వచ్చాయి నానీ? రోజుకి 20 చొప్పున అయిదు రోజులకి వందే కదా.

#56 నిజాంపేట_నాని
శనివారం వాళ్ల చెల్లి ఇంటికి సూర్యాపేట వెళ్లొచ్చిందట అన్నా. ఇప్పుడే అడిగితే చెప్పింది.

#57 లెక్కల_మాస్టారు
హైవే కలిసింది కాబట్టి ఆ ట్యాంక్ చెల్లదు. నీ పరువు నిలబెట్టాను. ఫీజు రెండింతలు.

#58 నిజాంపేట_నాని
ఈ మాట ఆవిడకి మీరే చెప్పండి మాస్టారూ. నాకు ధైర్యం లేదు.

#59 కొత్త_సభ్యుడు_419
థ్రెడ్ అంతా ఇప్పుడే చదివాను. కిందికెళ్లి చూస్తే నా బండి వెనక కుడి చక్రం మాత్రమే వేడిగా ఉంది. వెనక డ్రమ్ బ్రేకులు, పిన్నులుండవు కదా. ఇది దేనివల్ల?

#60 మెకానిక్_మావయ్య
హ్యాండ్‌బ్రేక్ కేబుల్ పూర్తిగా వదులుతోందా చూడు. కొత్త థ్రెడ్ వెయ్యి, బండి మోడల్ రాయి, రెండు చక్రాల ఫోటోలు పెట్టు. నుదుటి థర్మామీటర్ మాత్రం వద్దు.